కాకను అడగాలి

మా దుకాణంలో డేటాబేస్ పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టారు. కంప్యూటర్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కీబోర్డు మీద అక్షింతలు చల్లారు. ఇప్పటికీ ఎంటర్ నొక్కితే కింద ఒక బియ్యపుగింజ కరకరమంటుంది. రాణిగంజ్‌లో బేరింగులు, బెల్టులు, పంపుల సామాను అమ్మే దుకాణం మాది. మాది అంటే అమ్మిరాజుగారిది. నేను వసుధను, కౌంటర్లో బిల్లులు కొడతాను.

అంతకుముందు మా డేటాబేస్ పేరు బ్రహ్మచారి. గోదాం చూసే మనిషి, కాప్రా నుంచి వస్తాడు, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. మేమందరం కాకా అంటాం. ఏ సామాను అడిగినా తల ఎత్తకుండానే "రెండో వరుస, కింది అర, నీలం డబ్బా ఎనుక" అంటాడు. అక్కడే ఉంటుంది. కానీ ఎవరికీ నేర్పడు. "నాకు చూపించు కాకా" అని ఎన్నోసార్లు అడిగాను. "నేనున్న గద బిడ్డా, నీకెందుకు తక్లీఫ్" అనేవాడు. నేర్పితే తనతో పనేముంటుందని ఆయన భయం. అది తెలిసే నాకు ఒళ్లు మండేది.

డేటా అంటే బంగారమని అమ్మిరాజుగారికి ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎవరో చెప్పారు. ఆ వారమే నీహారిక అనే కన్సల్టెంట్ వచ్చింది. తెలివైన పిల్లే గానీ బేరింగును ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు. "మీ సమాచారమంతా ఒక్క మనిషి తలలో ఉంది సర్, అది పెద్ద రిస్కు" అంది. అమ్మిరాజుగారికి ఆ మాట తెగ నచ్చింది. "సిస్టమ్ రెడీ అవ్వగానే బ్రహ్మచారిగారికి విశ్రాంతి ఇచ్చేద్దామండీ" అన్నారు. కాక పక్కనే ఉన్నాడు. చేతిలోని గ్రీజు గుడ్డను మడత పెడుతూ ఉండిపోయాడు.

సామాను వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని మొదలైంది. పదకొండు వేల రకాలు, పది రోజుల గడువు, దుకాణంలో పనిచేసే వాళ్లం నలుగురం. ఒకే బేరింగును తిరుమల్ "మోటారుది" అని, అనుపమ "చిన్న గుండ్రంది" అని, నేను నంబరుతో ఎక్కించాం. అలా ఒక బేరింగు మూడు బేరింగులైంది. కంపెనీలే మూతపడిన సరుకు పేర్లు తీసేద్దామంటే, "దుకాణంలో తీసేయడం అనే మాట అనకూడదమ్మా, అశుభం" అన్నారు అమ్మిరాజుగారు. పాస్‌వర్డ్ అందరికీ ఒక్కటే. ఎవరూ మర్చిపోకుండా గోడ క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

అన్నిటికంటే పెద్ద చిక్కు "ఎక్కడుంది" అన్న గడి. పాత పుస్తకాల్లో సరుకు ఎంతుందో ఉంది గానీ ఏ అరలో ఉందో లేదు. ఖాళీగా వదిలితే ఎర్రబడి ముందుకు కదలనివ్వదు. కాకను అడిగితే "గిరాకీ వచ్చినప్పుడు చెప్త గద, గిప్పుడేం పరేషాన్" అంటాడు. ఆఖరి రోజుకు నాలుగు వేల గళ్లు మిగిలాయి. అప్పుడు నేనే ఒక గడిలో "కాకను అడగాలి" అని కొట్టాను. గడి ఆకుపచ్చగా మారింది. మిగతా వాటన్నిటిలోనూ అదే అతికించాను. బద్ధకమా, కోపమా అంటే, రెండూ.

నీహారిక రిపోర్టు తీసింది. నూటికి నూరు శాతం పూర్తి. ఆ సాయంత్రమే కాకకు సన్మానం. శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. ఇంటికి పొమ్మని చెప్పడానికి మన దగ్గర ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. కాక ఆ శాలువాతోనే గోదాంలోకి వెళ్లి, లైటు ఆర్పి వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

మూడు రోజుల తర్వాత బోయిన్‌పల్లి నుంచి జీవరాజు పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు కూరగాయలు దాచే కోల్డ్ రూమ్ ఉంది. ఫ్యాను బేరింగు పోయిందట, లోపల క్యారెట్లూ బీన్సూ ఉడుకుతున్నాయట. "ఒక్క నిమిషమండీ, ఇప్పుడంతా సిస్టమే" అని అమ్మిరాజుగారు స్క్రీను ఆయన వైపు తిప్పారు. నేను నంబరు కొట్టాను.

నిల్వ: ఆరు. ఎక్కడుంది: కాకను అడగాలి.

జీవరాజు చదివి, "మరి అడుగుండ్రి" అన్నాడు.

అమ్మిరాజుగారు నీహారికకు ఫోన్ చేశారు. "డేటా కరెక్టే సర్. ఆ కాక ఎవరో సిస్టమ్‌లో లేరు, అంతే. ఆయన్ని కూడా ఎక్కించండి" అంది. ఆయన ఫోన్ పెట్టేసి, చెమట తుడుచుకుని, కాకకు చేశారు.

కాక ఆటోలో వచ్చాడు. గోదాంలోకి వెళ్లాడు, లైటు వేశాడు, బేరింగు తెచ్చి జీవరాజు చేతిలో పెట్టాడు. "రేపట్నించి వచ్చేయండి బ్రహ్మచారిగారూ" అన్నారు అమ్మిరాజుగారు నేల చూస్తూ.

కాక నా పక్కన కూర్చుని స్క్రీను చూశాడు. "గిది ఎవరు కొట్టిండ్రు?"

"నేనే కాకా. నాలుగు వేల గళ్లల్ల."

"నాలుగు వేల సార్లు నన్ను యాది చేసినవా బిడ్డా!"

కొట్టింది కోపంతో. తల దించుకుని ఆయన్ని సిస్టమ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పేరు: బ్రహ్మచారి. నిల్వ: ఒకటి. ఎక్కడుంది: గోదాం తలుపు పక్క స్టూలు. చివరి గడి: ఇది లేనప్పుడు బదులు ఏది. అది వదిలేసి ఎంటర్ నొక్కాను. బియ్యపుగింజ కరకరమంది. గడి ఎర్రబడింది.

కాక ఆ ఎర్ర గడి మీద వేలు పెట్టాడు.

"నీ పేరు కొట్టు" అన్నాడు. తర్వాత లేచి గోదాం వైపు నడుస్తూ, "కాయితం, పెన్ను పట్టుకొని రా. మొదటి వరుస నుంచి షురూ చేద్దాం" అన్నాడు.