పల్లంరాజు కుడిచెయ్యి

శనివారం పొద్దున్నే అబ్రహాము మాస్టారు చేసే మొదటి పని చేతులకు నూనె రాయడం. తన చేతులకు కాదు, భోషాణంలో ఉన్న ముప్ఫైయెనిమిది చేతులకు.

ఆయన నరసాపురం మిషను బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేవాడు. గోదావరికి ఆనకట్ట కట్టి నలభై ఏళ్లు దాటిన రోజులవి. చుట్టుపక్కల ప్రతి పెద్ద ఊళ్లోనూ కుస్తీ గోదా ఒకటి ఉండేది, దానికో వస్తాదు ఉండేవాడు. కుర్రాడెవడైనా మొట్టమొదటి కుస్తీ గెలిస్తే, ఒంటికంటిన ఎర్రమన్ను కడుక్కోకముందే కుడిచెయ్యి ఒక కాగితం మీద అద్ది, తనను నమ్మి వచ్చిన అభిమానికి ఇచ్చేవాడు. జీవితంలో ఒక్కసారే. రెండోసారి అద్దితే మన్ను నిలవదు, ఎండి రాలిపోతుంది. మొదటిసారి అద్దింది మాత్రం ఆ మనిషి ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అతనితోపాటే పెరుగుతుంది. అతను గోదాలో దిగితే కాగితం మీద చెమట పడుతుంది. వారం వారం నువ్వులనూనె రాస్తే ఇక్కడ అచ్చు నిగనిగలాడుతుంది, అక్కడ మనిషి కండపడతాడు. రాయకపోతే అచ్చూ మనిషీ ఇద్దరూ నీరసిస్తారు. అందుకని కాగితం పుచ్చుకున్నవాడు దాన్ని కన్నబిడ్డలా చూసుకోవాలి.

మొగుడు కాకినాడ వెళ్లి కబురు పంపకపోతే ఆడవాళ్లు మాస్టారి గుమ్మంలోకి వచ్చేవారు. "మా ఆయన చెయ్యి ఓసారి చూపించండి మాస్టారండీ" అనేవారు. చూసి, "బాగానే ఒళ్లు చేశాడు. ఇంటి ధ్యాసే లేదు సచ్చినోడికి" అని మూతి తిప్పుకొని వెళ్లిపోయేవారు.

ఇన్ని చేతులుండీ మాస్టారికి సుఖం లేదు. ఆయన కన్నంతా వీధి చివర జగన్నాథరావు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చేతి మీద ఉండేది. అది పల్లంరాజుది. రేవులో చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టి, పన్నెండేళ్లుగా అంతర్వేది తీర్థంలో ఓటమన్నది ఎరగని పల్లంరాజుది.

ఆ మొదటి కుస్తీనాడు మాస్టారు అక్కడే ఉన్నాడు. చేతిలో తెల్లకాగితం కూడా ఉంది. అయితే ఆయన నమ్మి వెళ్లింది పల్లంరాజును కాదు, అవతల నిలబడ్డ సత్తియ్యను. సత్తియ్య ఛాతీ తలుపంత ఉండేది. పల్లంరాజు ఎండు చేపలా ఉండేవాడు. ఎండుచేపే తలుపును ఎత్తి పడేసింది. గెలిచిన కుర్రాడు మట్టిచెయ్యి చాచి కాగితం కోసం దిక్కులు చూస్తుంటే, మాస్టారు రెండడుగులు వేస్తే సరిపోయేది. ఓడినవాడితో వచ్చి గెలిచినవాడి దగ్గర చెయ్యి చాచడమా అని బిగుసుకుపోయాడు. కొబ్బరినీళ్లు తాగడానికి ఆగిన తాలూకా కచేరీ గుమాస్తా జగన్నాథరావు, జేబులో ఉన్న ఏదో అర్జీ కాగితం వెనక్కి తిప్పి ముందుకు చాచాడు. అంతే.

జగన్నాథరావుకు కుస్తీలో ఓనమాలు రావు. ఏ పట్టు పేరేమిటో తెలియదు. అలాంటివాడు ఆ చేతిని చెక్కకు బిగించి అరుగు మీద పెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ తాంబూలంతో పాటు చూపించేవాడు. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, మాస్టారికి కడుపు మండిపోయేది. బడిలో పది ఆజ్ఞల పాఠం వచ్చినప్పుడు తొమ్మిదో దాని దగ్గర ఆగి, పొరుగువాడి సొమ్ము ఆశించవద్దనే పదోది చెప్పకుండా పిల్లల్ని ఎక్కాలు రాసుకోమనేవాడు.

ఆ ఏడు శ్రావణంలో జగన్నాథరావు కుటుంబంతో అన్నవరం బయల్దేరాడు. అట్నుంచి పిఠాపురం కూడా చూసుకుని రావాలంటే మూడు వారాలు. పడవ ఎక్కబోతూ చెక్క తీసుకుని మాస్టారింటికి వచ్చాడు.

"శనివారాలు నూనె తప్పకూడదు కదండీ. మీకైతే చేతుల విలువ తెలుసు. ఇంకెవర్ని నమ్మనండి?" అన్నాడు.

మాస్టారు రెండు చేతులా అందుకున్నాడు. పన్నెండేళ్ల కోరిక ఒళ్లో బరువుగా, వెచ్చగా ఉంది. మొదటి వారం నూనె రాశాడు, తిరిగి ఇచ్చెయ్యాలని బెంగపడ్డాడు. రెండో వారం నూనె రాస్తూ, ఎందుకివ్వాలి అనుకున్నాడు.

మూడో వారం గోదా నుంచి గుప్పెడు ఎర్రమన్ను మూటగట్టుకుని రేవుకు వెళ్లాడు. ఆ ఓటమి తర్వాత సత్తియ్య మళ్లీ గోదా తొక్కలేదు, దాటింపు పడవ నడుపుకుంటున్నాడు. గెలవనివాడి చేతిలో ఏ మహిమా ఉండదులే, చెక్కకు బిగించి తిరిగి ఇవ్వడానికి, చూడ్డానికి చెయ్యిలా ఉంటే చాలునని మాస్టారి ఎత్తు.

"సత్తియ్యా, ఆనాడు తీసుకోవలసింది. నీ చెయ్యి నాకిప్పుడిస్తావా?"

సత్తియ్య గెడ కింద పెట్టేశాడు. "నా చెయ్యాండి? ఓడిపోయినోడి చెయ్యి ఎవరడుగుతారండి?"

"నేనడుగుతున్నాను."

సత్తియ్య చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, మన్నులో అద్ది కాగితం మీద పెట్టాడు. తీయడానికి చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకుంటూ, "పన్నెండేళ్లు మీకోసమే దాచుకున్నట్టయిందండి" అన్నాడు. మాస్టారు అతని మొహం చూడలేక కాగితం ఊదుకుంటూ ఇంటికొచ్చేశాడు.

జగన్నాథరావు తిరిగొచ్చి చెక్క మీద కొత్త కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఏ గీత ఎక్కడుందో ఆయనెప్పుడు చూశాడు గనక! "కాస్త చిక్కాడండి పల్లంరాజు" అని మాత్రం అన్నాడు. ఆ బెంగతో శనివారమే కాదు, మంగళవారం కూడా నూనె రాయడం మొదలుపెట్టాడు. అచ్చు రోజురోజుకీ మెరుగెక్కితే అంతా సత్యదేవుడి ప్రసాదమని ఊరంతా చెప్పుకున్నాడు.

అసలు చెయ్యి మాస్టారి క్రిస్మసు కోటు మడతల్లో, పెట్టె అడుగున పడి ఉంది. ఎవరికీ చూపించడానికి లేదు. రెండు గదుల ఇల్లు, భార్య సంపూర్ణమ్మ పొద్దున్నుంచి రాత్రి దాకా కిటికీ దగ్గర లేసు అల్లుతూ కూర్చుంటుంది. భోషాణంలో ఎన్ని చేతులున్నాయో తెలిసిన ఆవిడ కళ్లముందు దీనికి నూనె రాయడమెలా? వచ్చే శనివారం చూద్దాం, ఆ పై శనివారం చూద్దాం అనుకుంటూ అయిదు నెలలు గడిపేశాడు. కోటు దులుపుతానని సంపూర్ణమ్మ లేస్తే చాలు, ఆవిడ మీద కసిరేవాడు. ఆ క్రిస్మసుకు ఉత్త చొక్కాతోనే గుడికి వెళ్లాడు.

ఈలోగా ఇసకలో కూరుకుపోయిన నిండు పడవను సత్తియ్య ఒక్కడే భుజం పెట్టి నీళ్లలోకి తోశాడని రేవులో చెప్పుకున్నారు. గోదా వస్తాదు సత్తియ్యకు కబురంపాడు. మాఘమాసం అంతర్వేది తీర్థంలో పల్లంరాజు మీదికి ఈసారి సత్తియ్య దిగుతున్నాడని చాటింపు వేశారు.

ఆ మాట వినగానే మాస్టారు తీర్థానికి వెళ్లకూడదనుకున్నాడు. అయినా వెళ్లాడు. వెళ్లకుండా ఎలా ఉంటాడు?

పల్లంరాజు గోదాలోకి వచ్చేసరికే జనం గుసగుసలాడారు. కుడిభుజం జారిపోయి ఉంది. జగన్నాథరావు చెక్క పైకెత్తి పట్టుకుని "పల్లంరాజూ!" అని కేకలు వేస్తున్నాడు. పట్టుకు పట్టు పడింది. పెనుగులాటలో సత్తియ్య చిటికెనవేలి గోరు ఊడి రక్తం కారింది. అదే క్షణంలో చెక్క మీద కాగితంలోనూ చిటికెనవేలు ఎర్రబడి, బొట్టు జగన్నాథరావు ఉత్తరీయం మీద పడింది. ఆయన కేక ఆగిపోయింది. అంతలో పల్లంరాజు వీపు నేలకంటింది.

జగన్నాథరావు కాగితాన్ని చూశాడు. గోదాలో గెలిచినవాణ్ని చూశాడు. తర్వాత జనాన్ని తోసుకుంటూ మాస్టారి దగ్గరికి వచ్చాడు. మాస్టారు తిట్లకు సిద్ధపడి తల దించుకున్నాడు.

"మీ కన్ను గొప్పదండి మాస్టారూ" అన్నాడు జగన్నాథరావు, నిజంగానే మెచ్చుకుంటూ. "పన్నెండేళ్ల కిందటే సత్తియ్యను పట్టారు మీరు. మొత్తానికి మా ఇంటికి చేర్చారు."

అంతకంటే ఆయన చెప్పు తీసి కొట్టినా బాగుండేది. తను నమ్మినవాడే గెలిచాడు. వాడి చెయ్యి తన చేతుల్తోనే జగన్నాథరావు అరుగెక్కించాడు.

మర్నాడు మధ్యాహ్నం పల్లంరాజు మాస్టారి గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి మెడలోంచి వేలాడేసిన గుడ్డలో ఉంది.

"మీ దగ్గరుందంట కదండి" అన్నాడు.

మాస్టారు పెట్టె తెరిచి, కోటు మడత విప్పి కాగితం బయటికి తీశాడు. అచ్చు కుంచించుకుపోయి, పన్నెండేళ్ల కిందట అద్దినప్పటంతే ఉంది. సంపూర్ణమ్మ లేసు పక్కన పెట్టి తొంగి చూసి, "అయ్యో, పిల్లాడి చెయ్యిలా ఉందేంటండీ!" అంది.

"నువ్వు తీసుకెళ్లిపో పల్లంరాజూ. నేను దీనికి తగను" అన్నాడు మాస్టారు.

"ఎవడి చెయ్యి వాడు ఉంచుకోకూడదు కదండి. జగన్నాథరావు గారినడిగాను. ఒకింట్లో ఇద్దరెందుకురా అన్నారు. ఇంకెవరూ అడగరు మాస్టారండీ. మీరే ఉంచుకోండి."

మాస్టారు కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. తర్వాత, "సంపూర్ణం, నూనెగిన్నె ఇలా పట్రా" అన్నాడు. ఆ రోజు శనివారం కాదు. సంపూర్ణమ్మ ఎందుకని అడగకుండానే తెచ్చి పెట్టింది. పల్లంరాజు గడపమీద కూర్చున్నాడు. మాస్టారు కాగితాన్ని ఒళ్లో పరుచుకుని, అరచేతి మధ్య నుంచి వేళ్లవైపు నూనె రాయడం మొదలుపెట్టాడు.

వీధి చివర జగన్నాథరావు అరుగు మీంచి "సత్తియ్యకీ జై" అని జనం అరిచారు. మాస్టారు అటు తల తిప్పాడు. తెలియకుండానే వేలు గట్టిగా నొక్కాడు.

"కొంచెం మెల్లిగానండి" అన్నాడు పల్లంరాజు గడపమీంచి, "బొటనవేలు ఇంకా సలుపుతోంది."

మాస్టారు చెయ్యి తేలిక చేసి, మళ్లీ రాయసాగాడు.