కర్ర ఒక వైపే

పశువుల వేలం సగంలో ఉండగా రోరీ స్టకీ చేతికర్ర ముసలి ఓరిన్ లిండ్ మొహం మీద పడింది. కర్ర విరిగిన చప్పుడు చివరి వరుస దాకా వినిపించింది.

"తియ్యరా ఆ టోపీ! మొలిటర్ పార్టీ టోపీ పెట్టుకుని మా మధ్య కూర్చోడానికి సిగ్గులేదూ?"

ఓరిన్ రంపపు పొట్టులో బోర్లా పడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. రోరీ తన్నడానికి బూటుకాలు ఎత్తాడు. చుట్టూ ఉన్న రైతులు కొయ్యబారిపోయారు. ఆర్లిస్ ట్వీటెన్ మాత్రం ఆగలేదు. మొగుడు పోయాక మందనంతా ఒంటరిగా సాకుతున్న మనిషి. ఆవుల్ని అడ్డగించే ఇనుప గేటును తోసి రోరీని గోడకేసి నొక్కింది. వాడు గింజుకుంటూ ఆమె మణికట్టు మెలితిప్పాడు. ఎముక పుటుక్కుమంది. షెరీఫ్ పోలీసులు వచ్చేదాకా ఆమె గేటు వదల్లేదు.

విస్కాన్సిన్ కొండవాలు పల్లెల్లో పార్టీ పిచ్చి ఉన్నవాళ్లు తక్కువ. గవర్నరుగా ఒక పార్టీ మనిషికి, అమెరికా కాంగ్రెసు సభ సీటుకు ఇంకో పార్టీ మనిషికి వేసే రకం. పట్నాలు చెరో పక్కకీ తేలిపోయాయి గనక గెలుపు వీళ్ల చేతుల్లోనే ఉందని ఆ సీటుకు పోటీపడుతున్న హెఫ్లింగ్‌కూ, మొలిటర్ అనే ఆవిడకూ తెలుసు. పాల ధర కోసం నిలబడ్డాడని ఆర్లిస్ ఎప్పుడూ హెఫ్లింగ్‌కే వేసేది. ఈసారీ అలాగే అనుకుంది.

ఆ వారమే హెఫ్లింగ్ ఊళ్లో సభ పెట్టాడు. ఆర్లిస్ కట్టు కట్టిన చేత్తోనే లేచింది.

"ఓరిన్ కన్ను పోయింది. కొట్టినవాడు నీ జెండా మోసినవాడు. తప్పని ఒక్క మాట అను, చాలు."

"చూడమ్మా, ఎన్నికల వేడిలో రెండు వైపులా..."

"కర్ర ఒక వైపే ఉంది కదయ్యా!"

వెనకనుంచి ఎవడో విసిరిన కుర్చీ ఆమె భుజానికి తగిలింది. ఇంకొకడు జుట్టు పట్టి గుమ్మందాకా ఈడ్చాడు. హెఫ్లింగ్ మైకు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు ఉదయం పాలు పితకడానికి వెళ్తే, కొట్టం ముందు ఆమె కుక్క తుపాకి దెబ్బకు చచ్చి పడి ఉంది.

మధ్యాహ్నానికి మొలిటర్ మనుషులు కెమెరాతో దిగారు.

"దీని పక్కన నిలబడి రెండు మాటలు చెప్పండమ్మా."

"దీన్ని పూడ్చాలి. పార పడతారా, దారి పడతారా?"

వాళ్లు దారే పట్టారు. సాయంత్రం, వేలంలో కదలని ఆ రైతులే ఒక్కొక్కరుగా వచ్చి ఆవుల పని అందుకున్నారు. కంటికి కట్టుతో ఓరిన్ కూడా వచ్చాడు.

"మొలిటర్ అంటే నీకంత అభిమానమని తెలీదయ్యా," అంది ఆర్లిస్.

"అభిమానమా నా బొంద! ఊరికే పంచుతుంటే ఎండకి పెట్టుకున్నా. హెఫ్లింగ్‌కే వేద్దామనుకున్నా."

ఎవరికీ నవ్వు రాలేదు. ఒకాయన పాలగొట్టం పట్టుకునే తల దించుకున్నాడు.

"ఇప్పుడో?" అడిగింది ఆర్లిస్.

"ఉన్న కంటికి మొలిటర్ పేరు కనిపిస్తే చాలు."

నవంబరులో హెఫ్లింగ్ పట్నాల్లో తన ఓట్లు తాను తెచ్చుకుని, ఈ పల్లెల్లో మునిగాడు. తేడా బొటాబొటి. రోరీ జైలుకు పోయాడు. గెలిచిన మొలిటర్ ఆర్లిస్‌కు ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పింది.

"నీ మీద ప్రేమతో వెయ్యలేదు తల్లీ. రెండేళ్లకి మళ్లీ ఎన్నికలొస్తాయిగా, చూస్తాం," అంది ఆర్లిస్.

మాట గట్టిగానే వచ్చింది. కానీ రోడ్డు మీద బండి ఏదైనా నెమ్మదిస్తే చాలు, ఆమె చెయ్యి ఇప్పటికీ తలుపు వెనక తుపాకి మీదికి పోతూనే ఉంది.