జాంజిబార్ సాగనంపు

వెలిమిర్ నోట్లో నువ్వు గింజ నానదని వాల్యెవో ఊళ్ళో అందరికీ తెలుసు. అతను నడిపే సిటీ బస్సెక్కి రెండు స్టాపులు దాటేలోపు ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. అలాంటి మనిషి చేత రెండేళ్ళు ఒక రహస్యం దాచిపెట్టించిందంటే అతని భార్య మిలూంకా సామాన్యురాలు కాదు.

ఆ రహస్యం పేరు జాంజిబార్. ట్రావెల్స్ వాళ్ళ అద్దానికి అంటించిన జాంజిబార్ దీవి ఫొటో చూసి మిలూంకా ఒకరోజు రోడ్డు మీదే ఆగిపోయింది. అందులో పడవలు ఇసుకలో చతికిలబడి ఉన్నాయి, నీళ్ళ జాడ లేదు. లోపలికి వెళ్ళి అడిగితే, అక్కడ సముద్రం రోజూ కనుచూపు మేర వెనక్కి వెళ్ళిపోతుందనీ, కొన్ని గంటలకి మళ్ళీ వస్తుందనీ ట్రావెల్స్ అమ్మాయి చెప్పింది. సముద్రం ఖాళీ చేసి వెళ్ళిన చోట ఒక్కసారి నిలబడాలని మిలూంకాకి అప్పుడే అనిపించింది. ఇన్నేళ్ళూ జనం ప్యాంట్లు పొట్టి చేస్తూ, జిప్పులు మారుస్తూ బతికిన మనిషి ఆమె. కోరికలు కోరుకున్న అలవాటు లేదు. అందుకే ఈ ఒక్కటీ వదలకుండా పట్టుకుంది.

"ఎక్కడైనా నోరు జారావంటే చంపేస్తాను," అంది మొగుడితో ఆరోజే. "తెలిసిందంటే కఫానాలో నీచేత పార్టీ ఇప్పిస్తారు. ఒక్క రౌండుతో ఆగే మొహమేనా నీది?"

ఆమె భయంలో తప్పులేదు. ఆ ఊళ్ళో మంచి ఏది జరిగినా, జరిగినవాడే కఫానా అనే ఆ తాగుడు హోటల్లో నలుగురికీ తాగించాలి. కారు కొన్నా, మనవడు పుట్టినా, ఆఖరికి పుచ్చు పన్ను పీకించుకున్నా పార్టీ ఇవ్వాల్సిందే. ఎగ్గొట్టినవాణ్ణి ఏడాది పొడుగునా ఏడిపిస్తారు. పైగా వెలిమిర్ చేతికి ఎముక లేదు.

ఆ ప్రయాణం డబ్బు కోసం రెండేళ్ళు కడుపు కట్టుకున్నారు. మిలూంకా జుట్టుకి రంగు ఇంట్లోనే వేసుకుంది. ఒకసారి అది వంకాయ రంగుకి తిరగడంతో నెలంతా తలకి గుడ్డ చుట్టుకు తిరిగింది. వెలిమిర్ సిగరెట్లు కొనడం మానేసి ఎదుటివాళ్ళవి అడిగి కాల్చడం మొదలుపెట్టాడు. దాన్ని కూడా అతను పొదుపనే అన్నాడు. ఆదివారం మాంసం పోయి చిక్కుడు గింజలు వచ్చాయి.

తగ్గించలేకపోయిన ఖర్చు ఒక్కటే, చదివింపులు. పెళ్ళికీ, బాప్తిస్మానికీ, మిలిటరీకి వెళ్ళే కుర్రాడి సాగనంపుకీ కవర్లో డబ్బు పెట్టి ఇవ్వాలి. ఒక వేసవిలో మూడు పెళ్ళిళ్ళు వచ్చిపడితే, రెండోదానికి మిలూంకా కాలు బెణికిందని నాటకమాడింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పాపం మర్నాడే కేకు పట్టుకుని పలకరించడానికి వచ్చారు. ఆమె కుంటుకుంటూ తలుపు తీసి, సిగ్గుతో చచ్చిపోతూ, వాళ్ళ చేతిలో కవరు పెట్టి పంపించింది.

"మనవన్నీ పోయే కవర్లే," అంది వాళ్ళు వెళ్ళాక. "వచ్చేది ఒక్కటీ లేదు."

వాళ్ళకి పిల్లలు లేరు. అందుకని ఆ ఇంట్లో పెళ్ళీ లేదు, బాప్తిస్మమూ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి పిల్లలకీ ఇస్తూనే ఉన్నారు. అనకూడని మాట అన్నానని మిలూంకా ఆ పూటంతా నొచ్చుకుంది.

ట్రావెల్స్ వాళ్ళకి చివరి వాయిదా సోమవారం కట్టాలి. అంతకు ముందు బుధవారం, దినార్లు యూరోలుగా మార్చుకు రమ్మని ఆమె వెలిమిర్‌ని పంపింది. డబ్బు మార్చే కొట్టుకీ ఇంటికీ మధ్యలో కఫానా ఉండటం ఊరు కట్టినవాళ్ళ తప్పు. లోపల బస్సు డిపోలో పనిచేసే ఓబ్రాద్ కూర్చుని ఉన్నాడు. గ్రీసులో పది రోజులు గడిపొచ్చి, అందరికీ తాగిస్తూ, ఆ తాగించినదానికి బదులుగా తన కబుర్లన్నీ వినిపిస్తున్నాడు.

"సముద్రమంటే అదిరా! బస్సు నడిపేవాడికేం తెలుస్తుంది?" అన్నాడు వెలిమిర్‌ని చూసి.

రెండేళ్ళు నొక్కిపెట్టిన మాట. ఇంక ఆగలేదు.

"మీ సముద్రం ఉన్నచోటే పడుంటుంది. మేం వెళ్ళేచోట లేచి షికారుకి వెళ్ళొస్తుంది!"

"ఎక్కడికిరా వెళ్ళేది?"

"జాంజిబార్!"

"ఆఫ్రికాకా? ఒరే దొంగా, రెండేళ్ళుగా నా సిగరెట్లు తగలేసింది ఇందుకా! తియ్యి పార్టీ!"

ఒక రౌండు రకియా సారా అన్నది నాలుగు రౌండ్లయింది. ఎవరో బాకాలు ఊదేవాళ్ళని పిలుచుకొచ్చారు. వెలిమిర్ కుర్చీ ఎక్కి, అక్కడి ఆనవాయితీ ప్రకారం వాళ్ళ నుదుళ్ళకి నోట్లు అంటించాడు. మిలూంకా ఎన్ని జిప్పులు మారిస్తే ఒక నోటు వచ్చిందో ఆ సమయంలో అతనికి గుర్తురాలేదు.

ఇంటికొచ్చి, మిగిలింది బల్ల మీద పెట్టాడు. సగం కూడా లేదు.

"ఇంకో మాట," అన్నాడు నేల చూస్తూ. "శనివారం అందర్నీ భోజనానికి రమ్మన్నాను. మనల్ని సాగనంపుతారట."

మిలూంకా అరవకుండా ఆ నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అతనికి అదే ఎక్కువ భయమేసింది.

"ఓబ్రాద్‌ని చేబదులు అడగనా?"

"అడిగావో, అటునుంచి అటే పో. షికారుకి అప్పు చేశారని ఊరంతా నవ్వాలా? సముద్రం ఎలాగూ పోయింది, పరువైనా మిగలనీ."

ఆ మిగిలిన డబ్బులోంచే మాంసం తెచ్చింది. శుక్రవారమంతా కూర్చుని క్యాబేజీ ఆకుల్లో ఖీమా చుట్టి సార్మాలు చేసింది. చుడుతున్నంతసేపూ ఇసుకలో కూర్చున్న ఆ పడవలే కళ్ళ ముందు ఆడాయి. రెండేళ్ళ కష్టం నలుగురూ తిని మూతి తుడుచుకుని వెళ్ళిపోతారని ఆమెకి కడుపు మండిపోయింది.

శనివారం అందరికంటే ముందు పక్కింటి ముసలావిడ వుకోసావా వచ్చింది. వస్తూనే మిలూంకా చేతిలో ఒక కవరు పెట్టింది.

"ఇదేంటక్కా?"

"సాగనంపుకి ఉత్త చేతుల్తో వస్తారటే?"

"అయ్యో, మేమేం మిలిటరీకి వెళ్తున్నామా? తిరిగి రావడానికే కదా!"

"నోర్మూసుకుని తీసుకో. నా ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకీ కవరు పట్టుకొచ్చావు. తిరిగిద్దామంటే మీ ఇంట్లో ఒక్క కార్యమైనా జరిగి చస్తేగా! ఎన్నేళ్ళ నుంచి కాచుకుని ఉన్నాననుకున్నావు? ఇన్నాళ్ళకి దొరికావు."

వెనకాలే ఓబ్రాద్ వచ్చి ఇంకో కవరు ఇచ్చాడు.

"మా ఇద్దరబ్బాయిలకీ పెట్టావుగా, ఇది నీది. నీ మొగుడు కాల్చిన సిగరెట్లకి కొంత పట్టుకునే ఇస్తున్నాను, ఏమనుకోకు."

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. కాలు బెణికిన పెళ్ళి తాలూకు దంపతులు కూడా, చంకలో పిల్లాడితో.

"అత్తా, కాలెలా ఉంది?" అన్నాడు ఆ పెళ్ళికొడుకు, నవ్వు ఆపుకుంటూ. "ఆఫ్రికా దాకా నడవగలవా?"

ఒళ్ళో పోగైన కవర్లు జారిపోతుంటే మిలూంకా అక్కడే కుర్చీలో కూలబడి, ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమని ఏడ్చింది. ఊరు మర్చిపోయిందనుకుంది. ఎవరూ ఏదీ మర్చిపోలేదు, పాపం ఇవ్వడానికి దారి దొరక్క ఉండిపోయారు.

అది చూసి వెలిమిర్ గుండె పొంగిపోయింది. గ్లాసు పట్టుకుని లేచాడు.

"ఈ సంతోషంలో అందరికీ కఫానాలో ఇంకో..."

మిలూంకా చటుక్కున లేచి అతని నోట్లో ఒక సార్మా కుక్కింది. అది మింగేసరికి మాట మారిపోయింది.

సోమవారం వాయిదా కట్టేశారు.

జాంజిబార్‌లో మొదటిరోజే, ఫొటోలో ఉన్నట్టే సముద్రం వాళ్ళ కళ్ళ ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. పడవలు ఒక్కొక్కటీ ఇసుకలో చతికిలబడ్డాయి. మిలూంకా చెప్పులు విడిచి తడి ఇసుకలో నడిచి నడిచి, నీళ్ళుండాల్సిన చోట హాయిగా కాళ్ళు చాపుకు కూర్చుంది. బూట్లు చేత్తో పట్టుకుని వెలిమిర్ దూరానికి చూస్తూ నిలబడ్డాడు. అతనికి కాస్త బెంగగానే ఉంది.

"చాలాసేపైంది మిలూంకా. అది నిజంగా వెనక్కి వస్తుందంటావా?"

"వస్తుందిలే," అంది ఆమె. "మన కవర్లకి ముప్ఫై ఏళ్ళు పట్టలేదూ? కూర్చో."