ఈస్ట్ రాయి

అత్తయ్య బేకరీలో ఈస్ట్ తూచడానికి ఒక గులకరాయి ఉంది. త్రాసులో ఒకవైపు రాయి, రెండోవైపు చల్లటి ఈస్ట్ ముద్ద. ముల్లు నిలబడిందంటే ముప్పై రొట్టెలకి సరిపోయినట్టే. పెళ్లయి నెల తిరగని కోడలికి ఆ రాయంటే భలే ముద్దు. నున్నగా ఉందని బుగ్గకి ఆనించుకునేది.

"పిచ్చుకా, నాకన్నా ఆ రాయే నయమా?" అనేవాడు మొగుడు.

"అది గురక పెట్టదుగా!"

ఆ రోజు మాత్రం నవ్వుకోవడానికి అతను పక్కన లేడు. అత్తయ్యకి కంటి ఆపరేషన్, తోడుగా ఆసుపత్రికి వెళ్లాడు. పన్నెండింటికల్లా బడికి ముప్పై రొట్టెలు పంపాలి. ఒక్కరోజు తప్పినా వీధి చివరి కొత్త బేకరీలో కొంటానని బడి వంటావిడ ఇదివరకే తెగేసి చెప్పింది. "ఎలాగోలా ఈ ఒక్కరోజుకి వంటావిడని బతిమాలుకుందాం" అని అత్తయ్య అంటే, "నేను లేనా అత్తయ్యా!" అంది పిచ్చుక. అన్నది తనే, పడాల్సిందీ తనే.

పొద్దున ఫ్రిజ్ తెరిస్తే ఈస్ట్ ముద్ద నల్లబడి, ముక్కు మూసుకునేలా కంపు కొట్టింది. పరుగున వెళ్లి ఎదురు కొట్లో పొడి ఈస్ట్ ప్యాకెట్ తెచ్చింది. ఆవాలకన్నా చిన్న పలుకులు. త్రాసులో రాయి పెట్టి, ముల్లు నిలబడేదాకా పోసింది. ఎంత తేలికో అనుకుని పాట కూడా పాడుకుంది.

ముప్పావు గంటకే పిండి తొట్టి అంచు దాటింది. అణిచింది. మళ్లీ లేచింది. మళ్లీ అణిచింది. మూడోసారి బల్ల మీదకి పొర్లి, కల్లు కుండలా వాసనేసింది. ఎవరికీ చెప్పకుండా ఇలాగే కాల్చేస్తే? కానీ తినేది పిల్లలు కదా. అప్పుడు ఫోన్ తీసింది.

"ఏ ఈస్ట్ వేశావు?" అత్తయ్య గొంతు మత్తుమత్తుగా ఉంది.

"పొడిది అత్తయ్యా."

"రాయితో తూచావా?"

"మీరు అలాగే కదా..."

అవతల మొగుడు ఏదో గొణిగితే, అత్తయ్య "నువ్వుండరా" అని కసిరింది.

"రాయి ముద్దకి, తల్లీ. ముద్దలో నీళ్లుంటాయి. పొడికి మూడింతల బలం."

"నా బుద్ధి గడ్డి తింది అత్తయ్యా."

"ఏడుపు తర్వాత. ఆ పిండిలో మూడో వంతు ఉంచుకో, మిగతాది పారేయ్. తీసేసినంతకీ కొత్త పిండి, నీళ్లు, ఉప్పు కలుపు. అందులో ఉన్న ఈస్టే సరిపోతుంది."

రెండు వంతుల పిండి చెత్తడబ్బాలో వేసింది. డబ్బాలో కూడా అది పొంగుతూనే ఉంది, వెక్కిరిస్తున్నట్టు. భుజాలు పడిపోయేలా పిసికింది. పొయ్యిలోంచి రొట్టెలు బయటికి వచ్చేసరికి పన్నెండూ ఇరవై.

బడి వంటావిడ ఒక రొట్టె తుంచి వాసన చూసింది. "పిల్లలు పళ్లేల ముందు కూర్చున్నారు. పులుపు కూడా తగుల్తోంది."

"తప్పు నాదేనండీ."

"పెద్దావిడ మొహం చూసి పదిహేను రొట్టెలు మీకే ఉంచుతున్నా. మిగతా పదిహేను రేపట్నుంచి ఆ కొత్త బేకరీలోనే."

సాయంత్రం కంటికి కట్టుతో దిగింది అత్తయ్య. పిచ్చుక తలొంచుకుని, బడి బేరం సగం పోయిందని చెప్పింది. ఆవిడ బల్ల మీద మిగిలిన రొట్టె తడిమింది, తుంచి నమిలింది. పెరట్లో కుళాయి కింద గులకరాళ్లున్నాయి, కొంగు పట్టి కొన్ని తెమ్మంది.

త్రాసులో ఒకవైపు పొడి ఈస్ట్ రాశి పోసింది కోడలు. పాత రాయికి సరితూగే పొడిని మూడు సమాన రాశులు చేస్తే, అందులో ఒకటి అది. అత్తయ్య వేళ్లతో వెతికి ఒక్కో రాయీ రెండోవైపు పెట్టి తీయసాగింది. "నాకు కనపడదు, ముల్లు నువ్వు చూడు."

నాలుగో రాయికి ముల్లు నిలబడింది.

"ఇది నీది. రేపటి పదిహేను రొట్టెలకి ఈ తూకంలో సగమే వెయ్యి" అంది అత్తయ్య.

ఈసారి పిచ్చుక రాయిని బుగ్గకి ఆనించుకోలేదు. మరోసారి తూచి చూసుకుంది.