టార్పాలిన్ మీది వడగళ్లు

యన్కుల్ కొండల కింద జిప్సం గనిలో ఆ మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. పావుగంట, అంతే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒమన్‌లో ట్రైలర్ నడుపుతున్నాను. అంత వడగళ్ల వాన అంతకుముందు ఒక్కసారే చూశాను.

నా ట్రైలర్‌లో జిప్సం పొడి బస్తాలు. పైన టార్పాలిన్. బస్తాల వరసల మధ్య టార్పాలిన్ గుంటలు పడి ఉంటుంది. ఆ గుంటల్లో వడగళ్లు నిండి, ఒకదానికొకటి అంటుకుని, పలకలా గడ్డకట్టాయి.

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. గేటు దాటే ముందు డ్రైవరే నిచ్చెనెక్కి లోడు పైన చూడాలి. రాయి, మట్టి, ఏదున్నా దులిపేయాలి. గేటు దగ్గర ఫోర్‌మన్ నిజాముద్దీన్ అడుగుతాడు. చూశానంటే చీటీ ఇస్తాడు. ఆయన ఎక్కి చూడడు. మాట మీదే గేటు తెరుస్తాడు.

నా ముందు బండి సురేందర్‌ది. జగిత్యాల వాడు, నలభై దగ్గరపడ్డ మనిషి. అతనిది విడిరాళ్ల టిప్పర్. చీపురు పట్టుకుని పైకెక్కి అంచులన్నీ ఊడ్చాడు. పైనుంచే కేకేశాడు.

"మామా, నీ బండి మీద ఐసు దుకాణం తెరిచినవా ఏంది? చీపురు ఇయ్యాల్నా?"

"నేను దులుపుకుంటాలే. నువ్వు పో."

అతను పోయాడు. నేను నిచ్చెన వైపు చూశాను. మోకాలు నొప్పిగా ఉంది. అప్పటికే ఎండ తిరిగి వచ్చింది. నీళ్లే కదా, ఈ ఎండకి ఎంతసేపు నిలుస్తాయి అనుకున్నాను. ఎక్కలేదు.

గేటు దగ్గర నిజాముద్దీన్ అడిగాడు.

"ఊపర్ దేఖే క్యా, ఇస్రాయేల్ భాయ్?"

"చూసినా."

"సాఫ్?"

"సాఫే."

చీటీ ఇచ్చాడు.

సోహార్ రోడ్డులో కొండ దిగేచోట కుడివైపు మలుపు ఉంది. అక్కడికి సురేందర్‌ని అందుకున్నాను. అతను ముందు, నేను వెనక. ఎడమ పక్కనుంచి ఒక టాక్సీ నన్ను దాటుతోంది. మలుపులో బ్రేకు నొక్కాను. పైన ఏదో జర్రున జారింది. తెల్లటి పలక ఒకటి టాక్సీ ముందు అద్దం మీద పడింది. టాక్సీ అడ్డం తిరిగి రెయిలింగ్‌కి గుద్దుకుని ఆగింది.

ఇద్దరం బండ్లు ఆపి పరుగెత్తాం. టాక్సీ నడిపే ఒమనీ చేతినిండా రక్తంతో బయటికి వచ్చాడు. ముందు సీటులో ఒక ఆడమనిషి, ముఖం చున్నీలో దాచుకుని మూలుగుతోంది. అంబులెన్సు ఆమెను తీసుకెళ్లింది. పోలీసులు వచ్చేసరికి ముప్పావుగంట. వానకి తడిసిన రోడ్డు మీద అప్పటికి గడ్డ కరిగిపోయి ఏమీ మిగల్లేదు.

తెల్లది ఏదో పడిందని టాక్సీ అతను చెప్పాడు. పోలీసులు నా బండి చూశారు. బస్తాలు, కట్టిన టార్పాలిన్. సురేందర్ బండి చూశారు. నిండా తెల్లరాళ్లు. అతని లైసెన్సు తీసుకున్నారు. అతను ఎదురు చెప్పలేదు.

"నాదే మామా" అన్నాడు నాతో. "నేనే సరిగ ఊడ్వలే. యాడ్నో ఒక్క రాయి మిగిలింది."

నేను నోరు తెరవలేదు. నాకు అరవై దాటాయి. లైసెన్సు పోతే ఈ దేశంలో నాకు పనిలేదు. పోలీసు బండి ఎక్కుతూ కూడా అతను, "ఆ అమ్మ ఎట్లున్నదో కనుక్కో మామా" అన్నాడు.

రెండురోజులు గడిచాయి. మూడోనాడు సోహార్ ఆసుపత్రికి వెళ్లాను. ఆమె పేరు తిరుపతమ్మ. ఒమనీ ఇంట్లో పనిచేస్తుంది. ఎడమ కంటికి కట్టు. చూపు పోయిందని బయటే నర్సు చెప్పింది.

"తెలుగోళ్లాండి?" అంది నన్ను చూసి. "ఏ ఊరండి?"

"ప్రొద్దుటూరు పక్కన. నీదమ్మా?"

"కొవ్వూరండి. కూర్చోండి బాబాయ్‌గారూ. ఒక్కమాట అడుగుతాను, నవ్వకండేం. రాయి చల్లగా ఉంటదాండి?"

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"నా ఒళ్లో పడ్డది చల్లగా ఉందండి. బట్టలన్నీ తడిసిపోయాయి. చెప్తే నర్సులు నవ్వుతున్నారు. దెబ్బకి మతి చలించిందంటంది మా మేడమ్. కన్ను పోతే పోయింది, మతి కూడా పోయిందేమోనని భయంగా ఉందండి."

"మతి పోలేదమ్మా. అది వడగళ్ల గడ్డ. నా బండి మీదిది."

ఉన్న ఒక్క కంటితో నన్ను చూసింది.

"ఎక్కి దులపాల్సింది. దులపలా. గేటు కాడ చూసినానని చెప్పినా."

"ఎంతసేపు పడతదండి, దులపడానికి?"

"పది నిమిషాలు."

గోడ వైపు తిరిగింది. నేను కూర్చునే ఉన్నాను.

"రాళ్లబండి ఆయన్ని స్టేషన్లో పెట్టారంట కదా" అంది గోడకేసే చూస్తూ.

"పెట్టినారు."

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నారేంటండి?"

లేచాను.

స్టేషన్‌లో నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆఫీసరు ముందు నమ్మలేదు. ఒమన్‌లో ఐసు గడ్డా అన్నాడు. నిజాముద్దీన్‌కి ఫోన్ చేశాడు, తర్వాత ఆసుపత్రికి చేశాడు. ఫోన్ పెట్టేసి నా లైసెన్సు అడిగాడు. ఇచ్చాను.

సాయంత్రం సురేందర్‌ని వదిలారు. వరండాలో నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మూడు దినాల సంది ఆ అమ్మ కన్ను నేనే తీసిన్ననుకున్న మామా. బువ్వ లోపలికి పోలే." ఒకడుగు దగ్గరికి వచ్చాడు. "రోడ్డు మీద నాదే తప్పంటుంటే నువ్వు నా పక్కకే నిలబడి విన్నవు."

"విన్నా."

ఇంకేమైనా అంటానేమోనని కాసేపు చూశాడు. బయట కంపెనీ వ్యాన్ హారన్ కొడుతోంది. అతను మెట్లు దిగి, వ్యాన్ ఎక్కకుండా దాని పక్కనుంచే నడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. లోపలినుంచి పోలీసు నా పేరు పిలిచాడు.