వయ్యారిభామ పూసిన ప్లాట్లు

నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో, ఊరు దాటగానే మొన్నటిదాకా తెల్లగా విరబూసిన ప్లాట్లు కనిపించేవి. ఆటోల్లో వెళ్ళేవాళ్ళు "అబ్బ, ఎంత బాగుందో!" అని దిగి ఫొటోలు కూడా తీసుకునేవారు. అయ్యా, అది పూలతోట కాదు. వయ్యారిభామ. గేదె కూడా మూతి పెట్టని పిచ్చిమొక్క. దాని పుప్పొడి గాలిలో లేచిందంటే ఉబ్బసం ఉన్నవాళ్ళకు నరకమే.

ఆ నేల ఒకప్పుడు సాంబయ్యది. రేట్లు పెరిగిన రోజుల్లో అందరితోపాటు తనూ అమ్మేసి, అంచున ఉన్న ఇల్లు మాత్రం ఉంచుకున్నాడు. కొన్నది జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారం చేసే శ్రీమన్నారాయణ. ఆయన దున్నలేదు, ఇల్లూ కట్టలేదు. ధర ఇంకా పెరగాలని హద్దురాళ్ళు పాతి వదిలేశాడు. వదిలేసిన నేల ఖాళీగా ఊరుకుంటుందా?

సాంబయ్య భార్య పుష్పవతికి ఆయాసం పట్టుకుంది. వానాకాలం వస్తే చాలు, పడుకోలేదు, నాలుగు ముద్దలు తినలేదు. నందిగామ డాక్టరుగారు అన్నీ అడిగి, "ఆ మొక్క పూతకు రాకముందే పీకించండి. ఈసారి పూసిందంటే ఆమె తట్టుకోవడం కష్టం" అని తేల్చి చెప్పారు.

ఇంకేముంది, తొలకరి పడగానే సాంబయ్య చేతులకు గుడ్డ చుట్టుకుని ప్లాట్లలో దిగాడు. జీవితమంతా కలుపు తీసిన నేలే కదా! గడప మీద కూర్చున్న పుష్పవతి, "ఏమయ్యోయ్, మళ్ళీ మన చేలోకొచ్చినట్టుందా?" అని నవ్వింది. ఆ నవ్వు కోసం చందర్లపాడు దాకా అయినా పీకేవాడే.

మధ్యాహ్నానికల్లా శ్రీమన్నారాయణ కారు వచ్చి ఆగింది. ఎవరో ప్లాట్లు చదును చేస్తున్నారని బ్రోకరు నవీన్‌బాబు ఫోన్ చేశాడట. కబ్జాల కథలు వినివిని బెదిరిపోయిన మనిషి, కారు దిగుతూనే విరుచుకుపడ్డాడు.

"ఏందయ్యా ఇది? అమ్మిన నేలలో నీకేం పని?"

"మా ఇంటిదానికి ఆయాసమండీ, షావుకారుగారూ. గడ్డి పీకి పోతా, అంతే."

"ఇవాళ కలుపు తీస్తావు, రేపు జొన్నలు చల్లుతావు, ఎల్లుండి నాదేనంటావు! నాకు తెలీదనుకున్నావా?"

సాంబయ్య చేతుల గుడ్డ విప్పుకున్నాడు. జన్మలో అంత మాట పడలేదు. అయినా, "పోనీ మీరే పీకించండి బాబూ. పూత రాకముందు..." అన్నాడు.

"చూద్దాంలే. మళ్ళీ కాలు పెట్టావంటే కేసు పెడతా."

మర్నాడు ప్లాట్ల చుట్టూ ముళ్ళతీగ కంచె వేయించాడు. గడ్డి పీకించే మాట మాత్రం వ్యాపారపు హడావుడిలో మరిచిపోయాడు. సాంబయ్య ఫోన్ చేస్తే, "వచ్చేవారం మనిషిని పంపిస్తా" అన్నాడు. వారాలు గడిచాయి, ఏ మనిషీ రాలేదు. శ్రావణంలో ప్లాట్లన్నీ తెల్లబడ్డాయి. కిటికీలకు తడిగుడ్డలు కట్టాడు సాంబయ్య. గుడ్డ ఏపాటి అడ్డు? ఒక తెల్లవారుజామున పుష్పవతికి ఊపిరి అందలేదు. ఆసుపత్రి చేరకముందే, ఆటోలోనే, భర్త చొక్కా పట్టుకున్న ఆమె చెయ్యి వదులైపోయింది.

కర్మ అయిన మర్నాడు శ్రీమన్నారాయణ వచ్చాడు. వెంట కూలీలు. సంగతి తెలిసి రాత్రంతా నిద్రపోలేదో ఏమో, ముఖం పీక్కుపోయింది.

"ఇవాళే మొత్తం పీకిస్తున్నా, సాంబయ్యగారూ. ఇంత పనవుతుందని అనుకోలేదండీ. నన్ను క్షమించండి."

 సాంబయ్య కళ్ళు తుడుచుకోకుండానే అన్నాడు.

"మిమ్మల్నొక్కరినే అనను, బాబూ. ఆ తీగ దాటి పీకేస్తే కేసవుతుందని నేనూ భయపడ్డా. దొంగ అంటారని పరువు చూసుకున్నా. అది లోపల ఊపిరికి కొట్టుకుంటుంటే, బయట తీగ పట్టుకుని నిలబడ్డానండీ! పెట్టుకోనివ్వాల్సింది కేసు. జైల్లో కూర్చున్నా అది బతికుండేది."

శ్రీమన్నారాయణ తల దించుకున్నాడు.

"పీకించండి. మా ఇంట్లో ఇంక ఆయాసపడేవాళ్ళు లేరుగానీ, ఈ వరసలో చంటిపిల్లలున్నారు" అన్నాడు సాంబయ్య. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి షావుకారుగారూ. నేల మీరు కొనుక్కున్నారు, మేం కాదనం. కానీ దాని మీంచి వచ్చే గాలి మేమంతా పీల్చాలి. నేల ఎవరి పేరున ఉంటే వాళ్ళే, దాని మీద మొలిచినదానికి చుట్టుపక్కల బతికేవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి."