మెత్తని పళ్ల రెంచి

ఉరుకుందు, గాబ్రియేలు కలిసి ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటార్లు పైకి తీసే పని చేసేవాళ్లు. పాత పైపు రెంచి దవడ పగిలిపోవడంతో కొత్తది కొనడానికి కర్నూలు వెళ్లారు.

అంగట్లో ఉరుకుందు అన్నింటికన్నా ఖరీదైనది, పెద్ద కంపెనీది అడిగాడు. వారంటీ కూడా ఉందని అంగడాయన చెప్పగానే పెట్టె చంకలో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక గాబ్రియేలు రెంచిని తీసి, దవడను అటూ ఇటూ కదిపి చూశాడు. సంచిలోని చిన్న ఆకురాయితో ఒక పంటి మీద రుద్దాడు. ఇనుప రజను రాలింది.

"మంచి ఇనుమైతే ఆకురాయి జారిపోవల్ల. ఇది కోస్తాండాది. పళ్లు శానా మెత్తగా ఉండాయప్పా. మార్చుకుందాం పా."

"అంత పెద్ద కంపెనీకి తెలీదా? పాడైతే కొత్తది ఇస్తార్లే."

నిజానికి గాబ్రియేలు మాట మీద ఉరుకుందుకు అనుమానం లేదు. అంగట్లో అంత దర్జాగా మాట్లాడి, మళ్లీ లోపలికి పోయి వద్దనడానికి మొహం చెల్లలేదు. గాబ్రియేలు ఇంకోసారి అడగలేదు.

ఆ తర్వాత రామసుబ్బమ్మ చేలో పని పడింది. భర్త పోయాక ఆమె ఒక్కతే ఉల్లి సాగు చేస్తోంది. గడ్డ ఊరే సమయానికి మోటారు కాలిపోయింది. ఇద్దరూ ముక్కాలి స్టాండు నిలిపి, దానికి వేలాడే గొలుసుతో పైపులు ఒక్కొక్కటే పైకి లాగి విప్పుతున్నారు. గొలుసు తీసి మళ్లీ తగిలించేదాకా కింది పైపుల బరువంతా బోరు నోటి దగ్గర పట్టి ఉంచిన రెంచి మీదే ఉంటుంది.

అలా పట్టి ఉంచినప్పుడే పళ్లు అరిగి పైపు జారింది. గాబ్రియేలు చేతులతో పట్టుకోబోయాడు. అరచేతుల తోలు లేచిపోయింది. పైపులు మోటారుతో సహా బోరులో రాళ్లకు తగులుతూ కిందికి పోయిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

రామసుబ్బమ్మ వచ్చి బోరులోకి తొంగి చూసింది.

"మళ్లా వస్తాదా నాయనా?"

"తీస్తామమ్మా" అన్నాడు ఉరుకుందు.

కొక్కేలు వేశారు, అయస్కాంతం దించారు. రాలేదు. నీళ్లు లేక ఉల్లి ఎండిపోయింది. వాళ్లు కూలి తీసుకోలేదు.

అంగడాయన అరిగిన పళ్లు చూసి, ఎదురు చెప్పకుండా కొత్త రెంచి ఇచ్చాడు. ఆ పెట్టె అందుకుంటుంటే ఉరుకుందుకు ఏడుపొచ్చింది.

"నువ్వు ఆ పొద్దు గట్టిగా చెప్పింటే వినేవాన్ని గదప్పా" అన్నాడు బస్టాండులో.

గాబ్రియేలు గుడ్డ చుట్టిన చేతులు చూసుకున్నాడు. "నేనూ అదే అనుకుంటాండా. ఇంకో మాటంటే నీకు కోపమొస్తాదని ఊరకుండిపోతి."

రామసుబ్బమ్మ ఆ ఏడు చేను మళ్లీ దున్నలేదు. కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీ దగ్గర ఇటుకలు మోసే కూలికి పోతోంది. ఒక సాయంత్రం ఓర్వకల్లు బస్సులో ఉరుకుందు ఆమెను చూసి, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఆమే పిలిచింది.

"ఈడ చోటుండాది, కూచో నాయనా."

కూర్చున్నాడు. ఆమె దిగే ఊరు వచ్చినప్పుడు లేచి, ఆమె సంచి కిందికి అందించాడు.